పొట్లంలో నిద్రించే ప్రాణం

పాలు తోడుపెట్టే గృహిణికి ఒక సత్యం తెలుసు: పెరుగు రుచి పాలలో ఎంత ఉన్నదో, తోడులోనూ అంతే ఉన్నది. బీరు విషయమూ ఇంచుమించు అంతే. అక్కడ పాలకు బదులు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుండి తీసిన తీపి రసం. తోడుకు బదులు ఈస్టు. కంటికి కనిపించని ఈ శిలీంధ్రం రసంలోని చక్కెరను తిని, ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది.

అమెరికాలో 1933లో మద్యనిషేధం తొలగిన తరువాత ఇంట్లో వైను చేసుకోవడానికి అనుమతి లభించింది గాని, బీరుకు లభించలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఆ లోటును తీర్చింది. ఆ రోజుల్లో మాల్టు పాకం డబ్బా మూత కింద ఒక చిన్న ఎండు ఈస్టు పొట్లం ఉండేది. అది ఏ రకమో, ఎన్నాళ్ళ క్రితం నాటిదో కొన్నవారికి తెలిసేది కాదు. బీరు చెడితే నింద ఎండు ఈస్టు నెత్తిన పడేది. 1986లో ఓరెగాన్ రాష్ట్రంలో వైయీస్టు, 1995లో శాన్ డియేగోలో వైట్ ల్యాబ్స్ సంస్థలు వెలసి, శుద్ధమైన ద్రవ ఈస్టును ఔత్సాహికులకు అందించాయి. మంచి బీరు కావాలంటే ద్రవ ఈస్టే వాడాలన్న నమ్మకం అలా స్థిరపడింది.

ఆ నమ్మకంలో సగమే నిజం.

ద్రవ ఈస్టుకున్న అసలు బలం వైవిధ్యం. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచి చూపాడు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క స్వభావమని అప్పుడు స్పష్టమైంది. బవేరియా గోధుమ బీరులోని అరటిపండు పరిమళమూ లవంగపు ఘాటూ అరటిపండు వల్లా లవంగం వల్లా వచ్చినవి కావు; ఈస్టు పుట్టించినవే. ఎండబెట్టడాన్ని తట్టుకోలేని జాతులు ద్రవరూపంలోనే దొరుకుతాయి.

కాని ద్రవ ఈస్టు ఆయుష్షు తక్కువ. ఒక పొట్లంలో నింపిననాడు సుమారు 10,000 కోట్ల కణాలుంటాయి. శీతల పేటికలో ఉంచినా నెలకు ఐదో వంతు నశిస్తాయని ఇంటి తయారీదారుల మోటు లెక్క. ఎండలో ప్రయాణం చేస్తే నష్టం మరింత ఎక్కువ. కణాలు చాలకపోతే పులియడం ఆలస్యమవుతుంది. ఆ సందులో ఇతర సూక్ష్మజీవులు చొరబడితే 19 లీటర్ల రసమూ, ఒక రోజు శ్రమా నేలపాలు. అందుకే చాలామంది లీటరో రెండు లీటర్లో పలుచని రసంలో ఒకటి రెండు రోజులు ఈస్టును ముందుగా పెంచుకుంటారు.

ఎండు ఈస్టు ఈ అగచాట్లను తప్పిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల రొట్టెల కోసం, శీతలీకరణ లేకుండా నిలిచే ఎండు ఈస్టును రూపొందించారు. నేటి బీరు ఈస్టు పొట్లాలు చల్లని చోట ఉంచితే రెండేళ్ళయినా పనికివస్తాయి. 11 గ్రాముల పొట్లం 19 లీటర్ల సాధారణ బీరుకు చాలు. గోరువెచ్చని శుభ్రమైన నీటిలో పావుగంట నానబెడితే కణాలు మేలుకొంటాయి. చాలా రకాలను చల్లార్చిన రసం మీద నేరుగా చల్లవచ్చునని తయారీదారులే చెబుతున్నారు. వెల కూడా తక్కువ. నాటి అపకీర్తికి నేటి పొట్లాలు పాత్రమైనవి కావు.

కాబట్టి ఎంచుకొనేవాడు తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేను చేయదలచిన బీరుకు ప్రాణం ఈస్టు పరిమళమేనా? ఈ పొట్లం నా చేతికి చల్లగా, తాజాగా చేరుతుందా? దానిని ముందుగా పెంచుకొనే ఓపిక నాకున్నదా? మూడింటికీ అవునన్నవాడికి ద్రవ ఈస్టు. తక్కినవారికి ఎండుదే మేలు. కొత్తవాడు ఎండుదానితో ఆరంభించడంలో చిన్నతనమేమీ లేదు.

మన దేశంలో మద్యం రాష్ట్రాల అధికార పరిధిలోని విషయం. అనుమతి లేకుండా ఇంట్లో తయారు చేయడం ఎక్సైజు చట్టాల కింద నేరమని ఇక్కడి పాఠకులు మరువరాదు. అయినా ఈస్టు చెప్పే నీతి ఏ వంటింటికైనా వర్తిస్తుంది. ఎంత గొప్ప జాతి తోడైనా, ప్రాణంతో చేరితేనే అది తోడు.