బ్లీచింగ్ గీత గీస్తె రోగం ఆగదు

ఊర్ల మేకలకు పారుడు రోగం వచ్చిందని తెలువంగనే ఏం జేస్తం? దొడ్డి సుట్టూ బ్లీచింగ్ పౌడర్ తోటి ముగ్గు లెక్క తెల్ల గీత గీస్తం. పని అయిపోయిందనుకుంటం. ఆ గీతను సూసి రోగం ఎనుకకు మళ్లదు తమ్మీ.

ఎందుకో సమజ్ చేసుకోవాలె. బ్లీచింగ్‌ల ఉండే క్లోరిన్‌కు రోగక్రిమి ఏదో, పెండ ఏదో తేడా తెలువది. ముందు ఏది తగిలితే దాని మీదనే ఖర్చయిపోతది. పెంట మీద చల్లితే మందంత పెంటకే పోతది, అడుగున క్రిమి సల్లగ బతుకుతది. అందుకే సగం పని మందుది కాదు, పారది, పొరకది.

వరుస గిది. జీవాలను బయట కట్టెయ్యాలె. రోగమున్నదాన్ని వేరే జాగల పెట్టాలె. దుమ్ము లేవకుంట జెరన్ని నీళ్లు చిలకరించి, పెండ, మిగిలిన గడ్డి గీకి ఎత్తిపొయ్యాలె. సిమెంటు నేలయితే సబ్బు నీళ్లతోటి రుద్ది కడిగి, ఆరనియ్యాలె. నీళ్లు నిలిచినకాడ మందు పోస్తే పలసనయితది. ఆరినంకనే మందు కొట్టి, కనీసం అరగంట తడిగ ఉంచాలె. మల్ల మంచిగ ఎండినంకనే జీవాలను తోలాలె. కుడితి గోలెం, దాణా తొట్టి మాత్రం మంచినీళ్లతోటి మల్లొకసారి కడుగాలె.

మన కొట్టాలు చానమటుకు మట్టి నేలవే. వాటిని కడిగితే బురదయితది. పైన రెండు మూడు ఇంచుల మట్టి గీకి తీసేసి, సున్నం చల్లి, కొత్త మట్టి పొయ్యాలె. గోడలకు అప్పుడే తడిపిన సున్నం వెయ్యాలె. గాలి తగిలి పొడిపొడి అయిన పాత సున్నం తెల్లగ కనవడతది గని క్రిమిని సంపది. మూత తీసి పెట్టిన బ్లీచింగ్ సుత అంతే, బలం పోతది.

గాలికుంటు భయముంటే బట్టల సోడా పనిజేస్తది. 10 లీటర్ల నీళ్లకు 400 గ్రాములు కలపాలె. వంటసోడా కాదు, యాది పెట్టుకోండ్రి. అట్లని టీకా మానొద్దు. కొట్టం కడుగుడు టీకాకు తోడు, బదులు కాదు.

ఇంకో ముచ్చట. బ్లీచింగ్‌ల యాసిడ్ ఎన్నడు కలపొద్దు, విషవాయువు లేస్తది. ఉచ్చ వాసన గుప్పుమనే కాడ కడుగకుంట బ్లీచింగ్ చల్లినా కండ్లు, ఊపిరితిత్తులు మండుతయి. రాయి సున్నం నీళ్లు తగిలితే ఉడుకుతది, కంట్ల పడితే సూపు పోవచ్చు.

గీ పని చేసేదెవరు? మన అమ్మలు, అక్కలు. అదీ ఉత్త చేతులతోటి. మోరీల కోసం బ్లీచింగ్ కొనే పంచాయతి, నాలుగు మేకలున్న ఇంటికి బట్టల సోడా, చేతి తొడుగులు ఇయ్యలేదా? గ్రామసభల అడుగుండ్రి. ఆ నాలుగు మేకలే ఇంట్ల పిల్ల కాలేజీ ఫీజు, ముసలమ్మ మందు బిల్ల. అడుగుతనే ఈ ఆదివారం ఫోను పక్కకు వెట్టి, మీరే పార పట్టుండ్రి.