మీకు తెలుసా? బ్యాక్‌హో శబ్దమే లోపం ఎక్కడుందో చెబుతుంది

ఏ కంపెనీదైనా మన ఊళ్లలో జేసీబీ అనే పేరుతోనే తిరిగే బ్యాక్‌హో లోడర్ కింది నుంచి కొత్త శబ్దం వస్తోందా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చదునైన చోట పార్కింగ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో రేస్ ఇవ్వండి. ఇంజిన్ వేగంతో పాటు శబ్దమూ పెరిగితే హైడ్రాలిక్ పంపునో, టార్క్ కన్వర్టర్‌నో అనుమానించాలి. బండి కదిలితేనే వినిపించి, చక్రాల వేగాన్ని బట్టి మారితే ప్రొపెల్లర్ షాఫ్టు, యాక్సిల్, హబ్బులు చూడాలి.

ముందుకూ వెనక్కూ మార్చిన క్షణంలో 'టక్'మంటే మొదటి అనుమానం జాయింట్ క్రాస్ మీదే. ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, షాఫ్టును చేత్తో అటూఇటూ తిప్పితే లూజు తెలిసిపోతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది బ్రేకుల దగ్గర. చాలా బ్యాక్‌హోల యాక్సిల్‌లో బ్రేకు ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. అందులో మామూలు గేర్ ఆయిల్ పోస్తే, బ్రేకు తొక్కినప్పుడల్లా యాక్సిల్ గరగరమంటుంది. ఏ భాగమూ అరగకపోయినా డిఫరెన్షియల్ పోయిందని భయపెట్టే శబ్దమిది. కాబట్టి ముందు తయారీదారు చెప్పిన ఆయిల్ మార్చి చూడటమే న్యాయం.

ఆ ఆయిల్ దించేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని తప్పక చూడండి. దానికి బూడిదరంగు మెత్తని పొడి అంటుకుంటే మామూలే. లోహపు రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం బండిని ఇక నడపకూడదు.