ఉష్ణ సమీకరణానికి ఆబ్జెక్టులెందుకు?

ప్రశ్న: వేడి ఎలా పాకుతుందో చెప్పే పాక్షిక అవకలన సమీకరణాన్ని కంప్యూటర్లో రెండు లూపులతో సాధించవచ్చు కదా! మరి క్లాసులు, ఆబ్జెక్టులు ఎందుకు?

జవాబు: మొదటిసారికి రెండు లూపులు చాలు. మీటరు పొడవున్న రాగి కడ్డీ తీసుకోండి. వేడి పక్కలకు పోకుండా చుట్టేసి, ఒక కొసను మరిగే నీళ్లలో, రెండో కొసను మంచులో ఉంచాం. ఏ క్షణాన ఎక్కడ ఎంత వేడి ఉంటుంది? 1822లో ఫూరియే తన పుస్తకంలో చర్చించిన సమీకరణమే దీనికి ఇప్పటికీ ఆధారం. కంప్యూటరు పట్టుకోగలిగింది అంకెల్ని మాత్రమే కాబట్టి, సెంటీమీటరుకొక బిందువు పెట్టి ఒక్కో బిందువుకు ఒక్కో ఉష్ణోగ్రత రాసుకుంటాం. ఇరుగుపొరుగు బిందువుల సగటు కంటే వేడిగా ఉన్నది కాస్త చల్లబడుతుంది, చల్లగా ఉన్నది కాస్త వేడెక్కుతుంది. బయటి లూపు కాలానిది, లోపలిది బిందువులది.

అయితే ఈ పద్ధతిలో కాలం అంగకు, అంటే ఒక్కో లెక్కలో కాలం ముందుకు జరిగే మోతాదుకు, ఒక హద్దుంది. రాగికి, ఈ ఎడానికి, అది సుమారు 0.45 సెకను. అంతకు మించితే ఉష్ణోగ్రతలు పైకీ కిందికీ ఊగుతూ అర్థంలేని అంకెలైపోతాయి. బిందువుల ఎడం సగం చేస్తే అంగ నాలుగో వంతుకు దిగాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంత చిన్న అంగతో విసిగి, ప్రతి అంగలోనూ అన్ని బిందువులనూ కలిపి ఒకేసారి సాధించే పద్ధతికి మారదామనుకుంటాం. తర్వాత మంచులో ఉన్న కొసను తీసి, వేడి పోకుండా మూసేయమంటారు. ఆ తర్వాత కడ్డీ బదులు వంకర అంచుల రేకు వస్తుంది. కాల పద్ధతి, సరిహద్దు నిబంధన, ఆకారం: మూడింటికీ మారే కారణాలు వేరు. కానీ మూడూ ఆ పది లైన్ల లూపులోనే కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కదిపితే మిగతా రెండూ చెదురుతాయి.

అందుకే వాటిని వేర్వేరు ఆబ్జెక్టులుగా విడదీస్తారు. ఎవరికి ఎవరు పొరుగో, ఎంత దూరమో బిందువుల అల్లిక అయిన మెష్‌కు తెలుసు. ఉష్ణోగ్రత అంటే ఏమిటో దానికి తెలియదు. విలువలు ఫీల్డ్ దగ్గర ఉంటాయి. బిందువులన్నిటి సమీకరణాలను మాత్రికగా అందిస్తే సాల్వర్ జవాబిస్తుంది. అది రాగి గురించో ఇనుము గురించో అడగదు. ఇంత తక్కువ తెలిసి ఉండటమే వాటి బలం. ఆబ్జెక్టుల ఆలోచనకు ఇది కొత్త చోటేమీ కాదు. 1960లలో ఓస్లోలో డాల్, నైగార్డ్ రూపొందించిన సిమ్యులా భాష మొదలైందే అనుకరణల కోసం. సీ ప్లస్ ప్లస్‌కు క్లాసులు అక్కడి నుంచే వచ్చాయి.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ, ఇలాంటి సమీకరణాలను సాధించే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెన్రీ వెల్లర్, హ్ర్వోయె యాసక్ తదితరుల కృషి అది. 1998లో పరిశోధన పత్రంగా వచ్చింది, 2004లో అందరికీ ఉచితంగా అందింది. అందులో ఉష్ణ సమీకరణం రాసిన చోట 'కాలంతో మార్పు, మైనస్ లాప్లాసియన్' అని కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తుంది. లాప్లాసియన్ అంటే పొరుగు బిందువుల సగటుతో ఉన్న తేడాను కొలిచేది. ఎలా? ఆ పదాలు ఒక్కొక్కటీ ఒక మాత్రికను కట్టి ఇస్తాయి. మైనస్ గుర్తు మాత్రికల మధ్య ఏం చెయ్యాలో ముందే నిర్వచించారు. ఇంకో సొగసు ఉంది. అదే లాప్లాసియన్ రెండు పేర్ల కింద దొరుకుతుంది. ఎఫ్‌వీఎమ్ అంటే ఇంకా తెలియని విలువల కోసం మాత్రిక, ఎఫ్‌వీసీ అంటే తెలిసిన విలువల నుంచి నేరుగా లెక్కించిన అంకెలు. కాల పద్ధతిలోని అసలు నిర్ణయం ఆ ఒక్క అక్షరంలో కళ్లెదుట ఉంటుంది.

కొత్తవాళ్లు తరచూ ప్రతి బిందువునూ ఒక ఆబ్జెక్టు చేస్తారు. ఇది వద్దు. పది లక్షల బిందువులు మెమరీలో చెల్లాచెదురైతే, ప్రాసెసర్ లెక్క మానేసి వాటి రాక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆబ్జెక్టు గీత ఫీల్డ్ చుట్టూ గియ్యండి. దాని లోపల అంకెలు వరుసగా పేర్చిన మామూలు అర్రే, అదే పాత లూపు ఉండనివ్వండి. మూడు ఫీల్డులు కూడినప్పుడు ప్రతి ప్లస్ గుర్తుకూ ఒక తాత్కాలిక అర్రే పుట్టే ఖర్చు కూడా ఉంది. కంపైలర్ చేతనే అవన్నీ ఒకే లూపుగా కలిపించే ఉపాయాన్ని టాడ్ వెల్డ్‌హుయిజెన్ 1995లో ప్రచురించాడు.

విడదీయడంలో అసలు లాభం పరీక్షలో తెలుస్తుంది. రెండు కొసలూ సున్నా దగ్గర ఉంచి, మొదట సైన్ ఆకారంలో వేడి పెట్టండి. దీనికి కచ్చితమైన జవాబు తెలుసు: ఆకారం మారదు, ఎత్తు మాత్రం కాలంతో ఘాతీయంగా తగ్గుతుంది. బిందువుల ఎడం సగం, కాలం అంగ నాలుగో వంతు చేస్తే తప్పు దాదాపు నాలుగో వంతు కావాలి. కాకపోతే ఎక్కడో లోపముంది. అప్పుడు మెష్, సరిహద్దు, సాల్వర్లను ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చు.