రెండవ వలస

పొట్ట చేతపట్టుకొని పుట్టిన ఊరు విడిచినవానిని గురించి లోకము సులభముగనే తీర్పు చెప్పును. ఇక్కడ గింజ దొరకలేదు, అక్కడ దొరకునని వెళ్ళినాడు అనును. కాని అట్లు వెళ్ళినవాడు పరదేశమున ఇల్లు కట్టుకొని, బిడ్డలను కని, అచ్చటి మాట నేర్చి, ఇరువది ముప్పది సంవత్సరములు గడపిన పిమ్మట, ఆ దేశమును కూడ విడిచి మరియొక దేశమువైపు చూచుట యెందులకు? ఈ రెండవ వలసకు ఆకలి యొక్కటే కారణమని చెప్పుటకు వీలులేదు. ఆకలి తీరినవారే తరచుగా ఆ ఆలోచన చేయుచుందురు.

రామచంద్రపురము ప్రాంతమువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆ పట్టణమునకు చేరువనే ద్రాక్షారామ భీమేశ్వరుని ఆలయము; దక్షిణమున గౌతమీ గోదావరి; తూర్పుగా సాగిపోయినచో యానాము, తాళ్ళరేవు, కోరంగి. నేడు మడ అడవులకు పేరొందిన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, ఓడలు నిలిచిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును ధ్వంసము చేసెను. రేవు పోయెను గాని పేరు పోలేదు. బర్మాలోను, మారిషస్ ద్వీపములోను తెలుగువానిని కొరింగీ అని పిలుచుట ఆచారమయ్యెను. అట్లు పిలిచినవాడు ఎదుటి మనుష్యుని గాక అతడు ఎక్కివచ్చిన రేవునే చూచెనని అనుకొనవలెను. ఎన్ని తరములు గడచినను వలసవాడు వలసవాడే అను భావము ఆ ఒక్క పేరులోనే ఇమిడియున్నది.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా పచ్చబడెను. అయినను భూమి లేనివానికి ఊడ్పులకును కోతలకును నడుమ పని దొరకుట కష్టముగనే ఉండెను. బంగాళాఖాతమునకు ఆవలి ఒడ్డున ఐరావతీ నదీముఖమున వరి సేద్యము విస్తరించుచుండెను. బియ్యపు మరలకును, ఓడరేవులకును కూలీలు కావలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి పొగయోడలు రంగూనుకు నడచెను. మన పల్లెలలో దానిని ‘రంగం’ అనిరి. మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి మనుష్యులను కూర్చి తీసికొనిపోవును; కూలి కూడ అతని చేతిమీదుగనే వచ్చును. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించినవారు భారతీయులే.

రంగూనులో పని ఉండెను, కూలి ఉండెను, లేనిది హక్కు. 1930 మే నెలలో రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మా కూలీలను పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారిని మరల పనిలోనికి తీసికొని, బర్మావారిని పొమ్మన్నప్పుడు మే 26వ తేదీన అల్లర్లు చెలరేగెను. వందకు మించి ప్రాణములు పోయెను. పోయినవారిలో తెలుగువారే అధికులు. ఇరువురును పేదవారే. ఒకరి కూలి తగ్గించుటకు మరియొకరిని వాడుకొన్నవారు మాత్రము క్షేమముగ ఉండిరి. నాడు తిరుగు ఓడ ఎక్కినవారు చాలమంది. అల్లర్లు అణగిన పిమ్మట మరల వెళ్ళినవారును కలరు. వారిని మరల పిలిచినది ఆకలి. వారి మనస్సులో నాటుకొన్నది సంశయము.

ఆ సంశయము నిజమేయని తరువాతి సంవత్సరములు నిరూపించెను. 1937లో బర్మా భారతదేశమునుండి పరిపాలనలో వేరుపడెను. 1938లో మరల అల్లర్లు జరిగెను. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపాను బాంబులు పడినప్పుడు లక్షలాది భారతీయులు అరకాను, అస్సాము కొండదారులు పట్టిరి. త్రోవలో రోగములచేతను ఆకలిచేతను మరణించినవారు వేలకొలది. అయినను యుద్ధానంతరము కొందరు తిరిగి వెళ్ళిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964 మార్చిలో దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవనిరి. ఒక జీవితకాలపు సంపాదన ఒక్క ప్రకటనతో కాగితమైపోయెను. ఓడలమీద మన తీరమునకు చేరినవారికి విశాఖపట్టణమువంటి చోట్ల బర్మా క్యాంపు పేరుతో పేటలు వెలసెను. తమ దేశమునకు వచ్చిన పిమ్మటను వారు బర్మావారుగనే పిలువబడిరి.

బర్మానుండి చాలమంది తరిమివేయబడినవారు. ఎవరును తరుమకున్నను బయలుదేరినవారి కథ ఫిజీ ద్వీపములలో కనబడును. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా దక్షిణాదివారిని ఒప్పందపు కూలీలుగ అచ్చటికి తీసికొనిపోయిరి; వారిలో గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారును ఉండిరి. ఐదు సంవత్సరముల కట్టుబాటు తీరిన పిమ్మట వారు చెరకు సేద్యము చేసి నిలదొక్కుకొనిరి, బడులు పెట్టిరి, 1941లో ఆంధ్ర సంగము స్థాపించుకొనిరి. కాని వారు దున్నిన నేలలో అధికభాగము మూలవాసులైన ఫిజీయులది. దానిని కొనుటకు వీలులేదు, కౌలుకు మాత్రమే దొరకును. చట్టము ప్రకారము నియమిత గడువునకు వ్రాసికొన్న కౌళ్ళు 1997 నుండి ముగియసాగెను. తమ నేల తమ చేతినుండి జారిపోవునను భయము ఫిజీయులకును ఉండెను; దానిని తేలికగ కొట్టివేయుటకు వీలులేదు. అయినను తాత గునపముతో త్రవ్విన పొలములో మనుమడు గడువు లెక్కించుకొనుచు కూర్చుండవలసి వచ్చెను.

1987 మే 14వ తేదీన సైన్యము ప్రభుత్వమును కూలద్రోసెను. నాటినుండి ఉపాధ్యాయులు, వైద్యులు, గణకులు మొదలైన చదువరులు ఆస్ట్రేలియాకును, న్యూజిలాండుకును, కెనడాకును తరలిపోసాగిరి. 1986లో ఫిజీ జనాభాలో సుమారు 49 శాతముగ ఉండిన భారతీయ సంతతివారు 2007 నాటికి సుమారు 38 శాతమైరి. వీరిలో చాలమందికి ఫిజీలో ఇల్లు ఉండెను, జీతము ఉండెను. వారిని కదిలించినది నేటి లేమి కాదు, రేపటి అనిశ్చయము.

ఈ లెక్క నేడు మన యిండ్లలోనే జరుగుచున్నది. గోదావరి జిల్లాలనుండి స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు వెళ్ళుట యెరిగినదే. అచ్చట ఎన్నేండ్లు పనిచేసినను పౌరసత్వపు ఆశ లేదు. తిరిగివచ్చుట మొదటినుండియు తెలిసిన విషయమే. అమెరికాకు పోయిన ఇంజనీరు సంగతి వేరు. అతనికి ఆశ కలదు. ఆ ఆశకు ఒక వరుస కలదు. 1990 నాటి చట్టము ప్రకారము ఉద్యోగముమీద ఇచ్చు గ్రీన్ కార్డులు సంవత్సరమునకు ఇంచుమించు 1,40,000. అందులో ఏ యొక్క దేశమున పుట్టినవారికైనను సాధారణముగ 7 శాతమునకు మించి రాదు. చిన్న దేశమునకును భారతదేశమునకును ఒకటే కొలత యగుటచే మనవారి వరుస దశాబ్దముల పొడవునకు సాగెను. ఈలోగా ఉద్యోగము పోయినచో సాధారణముగ 60 దినములలో వేరొకటి చూచుకొనవలెను. తల్లిదండ్రుల వీసామీద పెరిగిన బిడ్డకు 21 సంవత్సరములు నిండినచో ఆ నీడ తొలగిపోవును. ఆ దేశములో పెరిగి, ఆ దేశపు బడిలో చదివిన బిడ్డ ఆ దేశమునకు పరాయివాడగును.

2023 జూలైలో కెనడా ప్రభుత్వము అమెరికాలో హెచ్1బి వీసాపై ఉన్నవారికి 10,000 పని అనుమతులకు దరఖాస్తులు స్వీకరింప మొదలిడగా, రెండు దినములు నిండకముందే దరఖాస్తులు పూర్తియయ్యెను. వారందరును కొలువులలో ఉన్నవారే. కెనడాలో జీతము తక్కువ, చలి యెక్కువ. అయినను స్థిరనివాసము త్వరగ దొరకునను ఆశ ఆ తక్కువను పూరించెను. 2024లో కెనడా కూడ వలసల సంఖ్యను తగ్గించుకొనెను. అనగా మూడవ తీరము కూడ ఎల్లకాలము ఒకే తీరుగ ఉండదు.

రంగూను కూలీకిని, ఫిజీ రైతుకును, నేటి ఇంజనీరుకును చదువులో, సంపదలో పోలిక లేదు. కాని ముగ్గురి ప్రశ్నయు ఒకటే: ‘నా శ్రమ ఈ దేశమునకు కావలెను, నేను కావలెనా?’ కూలి యెంత యను ప్రశ్న మనుష్యుని మొదటి ఓడ యెక్కించును. ఈ ప్రశ్న రెండవ ఓడ యెక్కించును.

రెండవ వలస వెల తక్కువది కాదు. మొదటిసారి విడిచినది ఊరు. ఆ ఊరిలో తిరిగి తలుపు తీయువారు ఉందురు. రెండవసారి విడుచునది స్వహస్తములతో కట్టుకొన్న జీవితము. ఫిజీలో తెలుగు కుటుంబములు చాలవరకు హిందీ మాటలోనికి మారెను. మరియొక ఖండమునకు పోయిన వారి పిల్లలకు ఆంగ్లమే ఇంటి మాటయగుచున్నది. రామచంద్రపురములో వీథి అరుగుమీద కూర్చున్న తాతకు మనుమని ఊరిపేరు మారినప్పుడెల్ల ఆ పిలుపు మరికొంత దూరమగును. కావున పిల్లవానిని విమానమెక్కించు కుటుంబము జీతమెంతయని అడుగుటతోపాటు, అచ్చటి చట్టము అతనిని ఎన్ని యేండ్లకు తనవానిగ ఒప్పుకొనునో, అతని బిడ్డలకు ఏమి మిగులునో అడిగి తెలిసికొనుట వివేకము.

ఇదే ప్రశ్నను మనమును ఎదుర్కొనవలసిన కాలము వచ్చినది. నేడు ఈ డెల్టా పొలములలో ఊడ్పులకు బెంగాలు, బీహారులనుండి కూలీలు వచ్చుచున్నారు. నాడు మనవారు రంగూను రేవున దిగినట్లే వారు మన స్టేషనులలో మూటలతో దిగుచున్నారు. వారిని ఊరిపేరుతో, రాష్ట్రముపేరుతో మాత్రమే పిలిచి, పని ముగియగనే మరచిపోవు అలవాటు మనకును కలదు. వారి పిల్లలకు బడిలో చోటు, జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో ఆదరణ, కూలికి సరియైన లెక్క లభించినచో వారు మరుసటి పంటకును ఇటు చూతురు. లేనిచో వారును వేరొక తీరము వెదకికొందురు. కోరంగి పేరు మోసి తిరిగినవారి సంతతికి ఈ మాట ఒకరు చెప్పవలసిన పని లేదు.