స్నాతక స్థాయిలో యూదు అధ్యయనాల మైనర్: కామారెడ్డి, ఎల్లారెడ్డి కళాశాలల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: స్నాతక విద్యలో ప్రధాన విషయంతో పాటు మరొక విషయాన్ని 'మైనర్'గా చదివే వెసులుబాటు నేడు భారతీయ విశ్వవిద్యాలయాల్లో విస్తరిస్తోంది. పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన యూదు అధ్యయనాల మైనర్ స్వరూపం ఏమిటి, కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల తెలుగు విద్యార్థికి అది ఏ విధంగా ఉపకరిస్తుంది, దానికి తగిన సామగ్రి తెలుగు నేలపై ఎంత ఉంది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: యూదు అధ్యయనాలు, మైనర్, హెబ్రీ, సర్మద్, గోల్కొండ, బెనె ఎఫ్రాయిం, వలస, తెలుగు బైబిలు.

1. ప్రవేశిక

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి వేరుపడి ఏర్పడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల డిగ్రీ కళాశాలలు డిచ్‌పల్లి కేంద్రంగా 2006లో నెలకొన్న తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. ఆ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం ఈ జిల్లాలోని భిక్కనూరులోనే ఉంది. ఇక్కడి విద్యార్థులు చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు, ఉర్దూ వంటి విషయాలను ఎంచుకొంటారు. యూదు అధ్యయనాలు అన్న పేరు ఈ తరగతి గదుల్లో వినిపించదు. వినిపించవలసిన అవసరం ఏముందన్న ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం పాఠ్యప్రణాళికలో కంటే ఈ జిల్లా నుండి బయలుదేరే వలసదారుల జీవితాల్లో, ఈ ప్రాంతపు బైబిలు తెలుగులో, గోల్కొండ చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

2. విషయ స్వరూపం

యూదు అధ్యయనాలు మతబోధ కాదు. ఈ శాస్త్రం పుట్టుకలోనే ఆ భేదం ఉంది. 1818లో లియోపోల్డ్ జుంజ్ అనే జర్మన్ యూదు యువకుడు రబ్బీల సాహిత్యంపై ఒక చిన్న గ్రంథం ప్రకటించి, ఆ వాఙ్మయాన్ని చరిత్ర, భాషాశాస్త్ర పద్ధతులతో పరిశీలించాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఆయన మిత్రులతో కలిసి ఒక పండిత సంఘాన్ని నెలకొల్పాడు. అయితే జర్మన్ విశ్వవిద్యాలయాలు ఈ విద్యకు ఆసనం ఇవ్వలేదు. ఒక శతాబ్దం తరువాత అమెరికాలో 1925లో హార్వర్డ్‌లో హ్యారీ వుల్ఫ్సన్, 1930లో కొలంబియాలో సాలో బారన్ ఆచార్య పదవులు చేపట్టడంతో ఈ విషయానికి విశ్వవిద్యాలయంలో స్థానం ఏర్పడింది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం ప్రారంభమైనదీ 1925లోనే. ఒక సమాజం తన గ్రంథాలను తానే శాస్త్రదృష్టితో చదవడానికి సిద్ధపడినా, ఆ చదువుకు విద్యాసంస్థల్లో చోటు దక్కడానికి నూరేళ్లు పట్టిందన్నమాట. దళిత అధ్యయనాలు, స్త్రీవాద అధ్యయనాలు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశించిన తీరును ఎరిగిన అధ్యాపకులకు ఇది కొత్త కథ కాదు.

నేడు అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ మైనర్ సాధారణంగా ఐదారు కోర్సులతో ఉంటుంది. ఒక ప్రవేశిక, కొంత హెబ్రీ భాష, బైబిలు లేదా రబ్బీల సాహిత్యం, మధ్యయుగ లేదా ఆధునిక చరిత్ర, ఒక ఐచ్ఛికం. చరిత్ర, సాహిత్యం, సామాజికశాస్త్రం ప్రధానంగా చదివేవారు దీన్ని అనుబంధంగా తీసుకొంటారు. భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన స్నాతక పాఠ్యప్రణాళికా చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24. నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 32. నాలుగు క్రెడిట్ల చొప్పున చూస్తే ఆరు కోర్సులు. అమెరికా మైనర్ కొలత కూడా దాదాపు ఇంతే. స్వయం వేదిక ద్వారా ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు పొందవచ్చునని 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి. కనుక చట్రం పరంగా అడ్డంకి స్వల్పం. అసలు ప్రశ్న ఆ ఆరు కోర్సుల్లో ఏమి చదవాలన్నది.

3. తెలుగు బైబిలు: సహాయమూ అవరోధమూ

1924లో ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి ఎల్లారెడ్డికి దూరమేమీ కాదు. వెస్లియన్ మిషనరీల కృషి వలన ఈ ప్రాంతపు పల్లెల్లో బైబిలు తెలుగు ఇంటి భాషగా మారింది. అబ్రాహాము, మోషే, దావీదు పేర్లు ఇక్కడ పరాయివి కావు. ఈ పరిచయం మైనర్ చదవబోయే విద్యార్థికి పెట్టుబడి. అదే సమయంలో అది ఒక పొరపాటుకు కూడా దారితీస్తుంది. తెలుగు పాఠకుడు 'పాత నిబంధన' అని పిలిచే గ్రంథాన్ని యూదులు ఆ పేరుతో పిలవరు. 'కొత్తది' ఒకటి ఉన్నదని ఒప్పుకొంటేనే కదా పాతది అవుతుంది! వారికది తనఖ్. తోరా, ప్రవక్తలు, ఇతర రచనలు అనే మూడు భాగాలు. గ్రంథాల వరుస కూడా వేరు. తెలుగు బైబిలులో పాత నిబంధన మలాకీతో ముగిసి వెంటనే మత్తయి సువార్త మొదలవుతుంది. ప్రవచనం ముగిసి నెరవేర్పు ఆరంభమైనట్లు ఆ అమరిక సూచిస్తుంది. తనఖ్ మాత్రం దినవృత్తాంతములతో, అంటే చెరనుండి జెరూసలేముకు తిరిగి వెళ్లవచ్చునన్న రాజాజ్ఞతో ముగుస్తుంది. గ్రంథాలు ఇంచుమించు అవే అయినా వాటి అమరిక చెప్పే కథ వేరు. ఒక తరగతిలో ఈ రెండు విషయసూచికలను పక్కపక్కన పెట్టి చర్చిస్తే చాలు, మైనర్ ఉద్దేశం విద్యార్థికి బోధపడుతుంది.

పేర్లలోనూ ఇటువంటిదే ఒక విశేషం ఉంది. హెబ్రీలో మొదటి ఐదు గ్రంథాలకు వాటి ఆరంభ పదాలే పేర్లు. తెలుగువారు గ్రీకు, లాటిన్ సంప్రదాయపు పేర్లను అనుసరిస్తూనే ఆదికాండము, నిర్గమకాండము అన్నారు. 'కాండము' అన్న మాట వినగానే రామాయణం స్ఫురిస్తుంది. మోషే ధర్మశాస్త్రం తెలుగులో ఇతిహాస స్వరూపం ధరించిందనడం అతిశయోక్తి కాదు.

అవరోధం మరింత బలమైనది 'పరిసయ్యుడు' అన్న మాటలో ఉంది. క్రైస్తవ ప్రసంగాల తెలుగులో ఆ పదం వేషధారికి పర్యాయం. యూదు చరిత్రలో మాత్రం సామాన్య శకం 70లో జెరూసలేం దేవాలయం నాశనమైన పిమ్మట మతాన్ని నిలబెట్టిన రబ్బీల సంప్రదాయం పరిసయ్యుల నుండి వచ్చిందే. సుమారు 200 నాటి మిష్నా, ఐదారు శతాబ్దాల బాబిలోనియా తల్ముద్ ఆ సంప్రదాయ ఫలాలు. తెలుగులో ఈ వాఙ్మయం గురించి వివరంగా చెప్పే గ్రంథాలు అరుదు. కనుక తెలుగు పాఠకుడికి యూదుడు రెండు చోట్లనే కనిపిస్తాడు: సువార్తల్లోను, దినపత్రికల యుద్ధవార్తల్లోను. మొదటి చోట అతడు 'ఇశ్రాయేలీయుడు', రెండో చోట 'ఇజ్రాయెలీ'. వర్ణక్రమం సైతం కలవనంత దూరంలో ఉన్న ఈ రెండింటి మధ్య రెండు వేల ఏళ్ల జీవితం లుప్తమైపోయింది. మైనర్ పూరించవలసిన ఖాళీ ఇదే.

4. భాషా సమస్య

హెబ్రీ అధ్యాపకుడు లేని చోట ఈ మైనర్ ఎలా నడుస్తుందన్న సందేహం సమంజసమే. అయితే కామారెడ్డి ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ ఉండడం ఒక అనుకూలత. హెబ్రీ లిపిలో 22 అక్షరాలు; ఉర్దూ వలెనే కుడి నుండి ఎడమకు సాగుతుంది. అరబ్బీ ద్వారా ఉర్దూలోకి వచ్చిన అనేక పదాల ధాతువులు హెబ్రీలోనూ ఉన్నాయి. 'కితాబు'కు, తనఖ్ మూడో భాగమైన 'కెతువీం'కు ధాతువు ఒకటే. బక్రీదునాటి 'ఖుర్బానీ', దేవాలయ బలిని తెలిపే హెబ్రీ 'కోర్బాన్' ఒకే మూలం నుండి పుట్టినవి. 'సలాం', 'షాలోం' సంగతి చెప్పనక్కరలేదు. ఉర్దూ మాధ్యమ విద్యార్థి ఈ తరగతిలో ముందువరుసలో కూర్చోగలడు.

తెలుగు విద్యార్థికి కూడా ఒక ఆసక్తికరమైన అంశం లేకపోలేదు. సొలొమోను రాజుకు ఓడలు తెచ్చిన వస్తువుల్లో నెమళ్లున్నాయని మొదటి రాజుల గ్రంథం చెబుతుంది. అక్కడి హెబ్రీ పదం 'తుక్కీ'ని 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ తమిళ 'తోకై'తో ముడిపెట్టాడు. తెలుగు 'తోక' దానికి సోదర పదమే. ఈ ప్రతిపాదనను అందరూ అంగీకరించలేదు. కానీ తులనాత్మక భాషాశాస్త్ర తరగతికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకడం కష్టం.

5. గోల్కొండ నుండి చెబ్రోలు వరకు

భారతీయ యూదుల ప్రస్తావన రాగానే కొచ్చిన్, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్, బొంబాయి, కలకత్తాల బాగ్దాదీలు గుర్తుకొస్తారు. తెలుగు నేలకు ఇందులో భాగం లేదని అనుకోవడం పరిపాటి. అది సరికాదు.

పారశీక యూదు కుటుంబంలో పుట్టి, వర్తకుడిగా సింధులోని థట్టాకు వచ్చి, అభయ్‌చంద్ అనే హిందూ యువకునిపై ప్రేమతో సర్వం త్యజించి దిగంబర సాధువైన సర్మద్ 1647లో హైదరాబాదులో ఉన్నాడు. భిన్న మతాలను వివరించే పారశీక గ్రంథం 'దబిస్తాన్'ను రాసిన పండితుడు ఆయనను ఇక్కడే కలిసి యూదుమతం గురించి తెలుసుకొన్నాడు. ఆ గ్రంథ కర్తృత్వంపై వాదాలున్నాయి గాని, ఈ సమావేశాన్ని గ్రంథమే చెబుతోంది. సర్మద్ పర్యవేక్షణలో అభయ్‌చంద్ ఆదికాండ ఆరంభాన్ని పారశీకంలోకి అనువదించగా దబిస్తాన్ దాన్ని పొందుపరచింది. కుతుబ్‌షాహీల రాజధానిలో ఒక యూదుడు, అతని హిందూ శిష్యుడు, ఒక పారశీక పండితుడు కలిసి తోరాను చర్చించిన ఘట్టం దక్కన్ చరిత్ర పాఠాల్లో కనిపించకపోవడం లోపమే. ఔరంగజేబు కాలంలో, 1660-61 ప్రాంతంలో, సర్మద్ ఢిల్లీలో శిరచ్ఛేదానికి గురయ్యాడు. సమాధి జామా మసీదు చెంత ఉంది. మౌలానా ఆజాద్ ఆయనపై ఉర్దూలో రాసిన వ్యాసం ఈ ప్రాంతపు ఉర్దూ విభాగాలకు సిద్ధంగా ఉన్న పాఠం.

రెండో అధ్యాయం వజ్రాలది. కొల్లూరు గనుల వజ్రాల కోసం పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు లండన్ నుండి మద్రాసుకు వచ్చారు. వారిలో జాక్విస్ డి పైవా గోల్కొండ గనులతో వ్యవహారాలు నడిపి 1687లో, గోల్కొండ మొగలుల వశమైన ఏడాదే, మద్రాసులో మరణించాడు. 1688లో ఏర్పడిన మద్రాసు నగరపాలక సంస్థ ఆల్డర్‌మెన్లలో యూదు వర్తకులకు చోటు లభించింది. మధ్యధరా పగడాలకు దక్కన్ వజ్రాలు మారకమైన ఈ వాణిజ్యాన్ని గెడలియా యోగెవ్ 1978లో సవిస్తరంగా అధ్యయనం చేశాడు. తెలంగాణ ఆర్థిక చరిత్ర చదివే విద్యార్థికి ఇది నేరుగా పనికివచ్చే గ్రంథం.

మూడోది సమకాలీనం, సున్నితం. గుంటూరు ప్రాంతంలో చెబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మాదిగ సముదాయానికి చెందిన కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం సంతతి అని ప్రకటించుకొని 1991లో ఒక సమాజమందిరాన్ని ఏర్పరచుకొన్నాయి. యాకోబి సోదరులు దీనికి నాయకత్వం వహించారు. అంతకుముందు వీరు బాప్టిస్టు క్రైస్తవులు. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ 2013లో వెలువరించిన గ్రంథం ఈ సముదాయాన్ని కులం, మతం అన్న రెండు ప్రశ్నల కూడలిలో నిలిపి చూస్తుంది. వీరి వంశావళి నిజమా కాదా అన్న విచారణకే తరగతి పరిమితమైతే ప్రయోజనం స్వల్పం. అంటరానితనం మోపిన గతానికి బదులుగా ఒక సముదాయం మరొక గతాన్ని ఎందుకు కోరుకొంది, గొడ్డుమాంసం తినడం, శవాన్ని ఖననం చేయడం వంటి ఆచారాలు నిందకు కారణమైన చోటనే వంశగౌరవానికి ఆధారాలుగా ఎలా మారాయి అన్నవి అడగవలసిన ప్రశ్నలు. తెలుగు మాతృభాషగా గల పరిశోధకుడు ఇక్కడ పాశ్చాత్య పండితుని కంటే లోతుగా వెళ్లగలడు. అందుకు యూదు ధర్మశాస్త్రమూ, మాదిగ సముదాయ చరిత్రా రెండూ తెలిసి ఉండాలి.

6. వలస కోణం

కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ వలసలు దశాబ్దాల నాటివి. ఇజ్రాయెల్‌లోనూ తెలంగాణ వారు వృద్ధుల సంరక్షకులుగా పనిచేస్తున్నారు. 2023 మేలో భారత్, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన ఒప్పందం 42,000 మంది భారతీయ కార్మికులకు అవకాశం కల్పించింది. అందులో 34,000 నిర్మాణ రంగానికి, 8,000 సంరక్షణ సేవలకు. 2024లో టామ్‌కామ్ సహకారంతో హైదరాబాదులో నిర్మాణ కార్మికుల ఎంపికలు జరిగాయి. అప్పటికే అక్కడ యుద్ధం సాగుతోంది.

ఒక వృద్ధ యూదుని ఇంట్లో పనికి కుదిరిన కార్మికునికి పాలకు, మాంసానికి వేర్వేరు గిన్నెలెందుకో తెలియాలి. శుక్రవారం సూర్యాస్తమయం తరువాత ఆ ఇంట్లో పొయ్యి ఎందుకు వెలిగించరో, దీపం మీట ఎందుకు ముట్టరో తెలియాలి. మడి, ఎంగిలి పాటించే ఇళ్లను చూసినవారికి ఇది పట్టుబడడం కష్టం కాదు. అలాగే తాను పనిచేయబోయే నేలపై పాలస్తీనీయుల చరిత్ర ఏమిటో, 1948 రెండు సమాజాల జ్ఞాపకాల్లో రెండు విధాలుగా ఎందుకు నిలిచిందో కూడా అతనికి తెలియాలి. ఆ భాగాన్ని వదిలిన మైనర్ ప్రచారమవుతుంది. దానికే పరిమితమైన మైనర్ యూదు అధ్యయనం కాబోదు. కార్మికులు డిగ్రీ తరగతులకు రారన్న ఆక్షేపణలో నిజం ఉంది. వారి పిల్లలు మాత్రం ఈ కళాశాలల్లోనే చదువుతున్నారు.

7. ఆరంభ మార్గం

పూర్తి మైనర్‌కు ముందు చరిత్ర, ఉర్దూ, తెలుగు విభాగాలు ఉమ్మడిగా నాలుగు క్రెడిట్ల ఒక ఐచ్ఛికాన్ని నడపడం ఆచరణసాధ్యం. దానికి హెబ్రీ పండితుడు అవసరం లేదు. తనఖ్ అమరిక, సర్మద్, వజ్ర వాణిజ్యం, కొత్తరెడ్డిపాలెం, వలస అన్న ఐదు విషయాలు ఒక సెమిస్టర్‌కు సరిపోతాయి. చివరి అంశానికి విద్యార్థులు తమ గ్రామాల్లో ఇజ్రాయెల్ నుండి తిరిగివచ్చిన వారి అనుభవాలను సేకరించవచ్చు. అటువంటి మౌఖిక చరిత్ర ఏ విదేశీ గ్రంథాలయంలోనూ దొరకదు. దాన్ని నమోదు చేయగల స్థానం ఎల్లారెడ్డిలోని విద్యార్థిదే.