పంచదార మానేస్తే సరా?

మా పామిడిముక్కల వైపు చెరకూ వరీ రెండూ పండిన నేల. చక్కెర జబ్బు అనగానే మనవాళ్ళు చెరకును దోషిగా నిలబెడతారు గానీ, వరిని మట్టుకు అనుమానించరు!

కాఫీలో పంచదార మానేసి, పప్పులోకి ఒక వాయి, పులుసులోకి ఒక వాయి, మజ్జిగలోకి మరో వాయి అన్నం పెట్టుకుంటే ఏం లాభం చెప్పండి? తెల్లన్నమూ అరిగి చక్కెరగానే రక్తంలో చేరుతుంది. పంచదార బదులు బెల్లం వేసుకున్నా అంతే. గంజి వార్చేస్తే దోషం పోతుందంటారు కొందరు. గంజితో ఎక్కువగా పోయేది బి విటమిను!

అన్నం బొత్తిగా మానమనడం లేదు. సగం కంచం బీర, సొర, తోటకూర వంటి కూరలు, పావు పప్పు, మిగిలిన పావే అన్నం. భోంచేసి నడుం వాల్చకుండా 15 నిమిషాలు మేడమీద తిరగండి.

అలాగని తిండి మరీ మానడమూ ప్రమాదమే. కార్తీక సోమవారం పొద్దున్నే మాత్ర వేసుకుని, చుక్క పొడిచేదాకా పస్తుండే ఇల్లాళ్ళు మనలో లేరూ? కొన్ని మాత్రలకూ, ఇన్సులిన్‌కూ తిండి తోడు లేకపోతే రక్తంలో చక్కెర 70 కన్నా దిగువకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఉపవాసం ఉండాలనుకుంటే నాలుగు రోజుల ముందే డాక్టరుగారిని అడిగి మాత్ర సంగతి తేల్చుకోండి.