గొడ్డలితో మొదలైన అణు బ్రేకు

ప్రపంచంలో మనిషి కట్టిన తొలి అణు రియాక్టర్‌ను ఆపడానికి సిద్ధం చేసుకున్న సరంజామాలో గొడ్డలి కూడా ఉంది! 1942 డిసెంబర్ 2న షికాగో విశ్వవిద్యాలయ స్టేడియం గ్యాలరీ కింద, స్క్వాష్ కోర్టులో ఎన్రికో ఫెర్మీ బృందం దాన్ని నడిపింది. న్యూట్రాన్లను మింగేసే కడ్డీ ఒకటి తాడుకు వేలాడుతుంటే, నార్మన్ హిల్బెరీ అనే భౌతిక శాస్త్రవేత్త గొడ్డలి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. తేడా వస్తే తాడు నరికేయాలి. అదీ పారకపోతే పైనుంచి కాడ్మియం ద్రావణం కుమ్మరించడానికి ముగ్గురు కుర్రాళ్లు కాచుకున్నారు. తనంతట తానే పడే కడ్డీ కూడా ఉంది గానీ, అది పడాల్సిన హద్దు మరీ తక్కువగా పెట్టడంతో మధ్యాహ్నం కాకముందే దభీమని పడి అందరినీ హడలగొట్టింది. ఫెర్మీ తాపీగా భోజనానికి పదండన్నాడు. తీరా ఆ రోజు పుట్టిన శక్తి అర వాట్. ఆ మాత్రానికి ఇంత కాపలా!

ఆపే మీటే ఆజ్యం పోసిన ఘటన చెర్నోబిల్‌ది. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక 1:23:40కి ‘ఏజెడ్-5’ బటన్ నొక్కారు. కడ్డీలు పూర్తిగా దిగడానికి 18 సెకన్లకు పైనే పట్టే డిజైన్ అది. పైగా వాటి కింద గ్రాఫైట్ భాగం. అది అడుగున న్యూట్రాన్లను మింగుతున్న నీటిని తోసేసి, గొలుసు చర్యను ముందు పెంచింది. కొన్ని సెకన్లలోనే రియాక్టర్ పేలిపోయింది.

విచిత్రమేమంటే, అదే నెల 3న అమెరికాలోని ఐడహోలో ఈబీఆర్-2 అనే ప్రయోగాత్మక రియాక్టర్ ఇంజినీర్లు ఆటోమేటిక్ షట్‌డౌన్‌ను కావాలనే పక్కనపెట్టి, పూర్తి శక్తి మీద ఉండగా దాన్ని చల్లబరిచే సోడియం పంపులు ఆపేశారు. వేడికి లోపలి భాగాలు వ్యాకోచించి, న్యూట్రాన్లు బయటికి జారిపోయి, కడ్డీ ఒక్కటీ పడకుండానే రియాక్టర్ చల్లారింది.

షికాగో కుర్రాళ్లకు అవసరం పడని పని మన నరోరా అణు విద్యుత్ కేంద్రంలో నిజంగానే చేయాల్సి వచ్చింది. 1993 మార్చి 31న టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలు రేగాయి, కేబుళ్లు కాలి కేంద్రమంతా చీకటైంది. రియాక్టర్‌ను వెంటనే ఆపేసినా, మళ్లీ రాజుకుంటుందేమోనని ఆపరేటర్లు టార్చిలైట్లతో పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణం వదిలారు.

వీటన్నిటికీ తాత ఆఫ్రికాలో, గాబన్ దేశపు ఓక్లో గనుల్లో ఉంది. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట అక్కడి యురేనియం ఖనిజంలో గొలుసు చర్య దానంతటదే నడిచింది. భూగర్భ జలం న్యూట్రాన్ల జోరు తగ్గిస్తేనే చర్య సాగేది; వేడికి నీరు ఆవిరైతే ఆగేది; చల్లారాక మళ్లీ ఊరేది. అరగంట పని, రెండున్నర గంటల విశ్రాంతి అని అక్కడి ఖనిజంలో చిక్కుకున్న జినాన్ వాయువును బట్టి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.